చూపు తగ్గుతున్న మూడో తరగతి పాప: మామూలు టీచరు ఏం నేర్చుకోవాలి, సామగ్రి ఎక్కడ దొరుకుతుంది?

మూడో తరగతి టీచర్

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఇద్దరు టీచర్లం. మూడో తరగతిలో ఒక పాపకి రెటినైటిస్ పిగ్మెంటోసా అని కంటి డాక్టరు రాశారు. అద్దాలు పెట్టినా మెరుగైన కంటి చూపు 6/60, అంటే మామూలు కళ్ళు 60 మీటర్ల నుంచి చూసేది తనకు 6 మీటర్ల దగ్గరికి వస్తేనే కనిపిస్తుంది. పొద్దు వాలితే తడుముకుంటుంది, పక్క నుంచి వచ్చేవాళ్ళు కనిపించరు. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతుంది. ఒక పేరా అయ్యేసరికి కళ్ళు నలుపుకుని ఆపేస్తుంది. చూపు ఇంకా తగ్గుతుందని అమ్మానాన్నలకు చెప్పారట.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం నుంచి ఐఈఆర్‌పీ మేడం (ఈ పిల్లలకు నేర్పే స్పెషల్ టీచరు) వారానికి ఒక రోజు వస్తారు. మిగతా రోజులన్నీ పాప నా దగ్గరే. నా సందేహాలు:

పాఠాలన్నీ ఏ3 సైజులో జెరాక్స్ తీయిస్తే సరిపోతుందా? బ్రెయిలీ ఇప్పుడే మొదలుపెట్టాలా, చూపు బాగా తగ్గాకా? నాకు బ్రెయిలీ రాదు, దానికోసం స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేయాలా? లెక్కలు ఎలా చెప్పాలి? సామగ్రి ఎవరిని అడగాలి?

సహిత విద్య, ఉత్తరాంధ్ర

మేడం, ముందు ఏ3 సంగతి చెప్తాను. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

చూపు మసకబారిన పిల్లలకు అక్షరం పెద్దది చేస్తే మేలు. కానీ ఈ జబ్బులో చూపు చుట్టుపక్కల నుంచి మూసుకుపోతూ వస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. అక్షరం మరీ పెద్దదైతే ఆ గొట్టంలో ఒకటో రెండో అక్షరాలే పడతాయి. పాప పదం మొత్తం చూడలేక కూడబలుక్కుంటుంది. వేగం పెరగాల్సింది తగ్గుతుంది. కాబట్టి ముందు కొలవండి.

మూడో తరగతి స్థాయిలో పాపకు తెలియని మూడు చిన్న పేరాలు తీసుకోండి. ఒకటి 16 పాయింట్ల అక్షర సైజులో, ఒకటి 20లో, ఒకటి 28లో ప్రింట్ తీయించండి. ఒకే పేరాను మూడు సైజుల్లో ఇవ్వకండి, రెండోసారికి కంఠస్థం వచ్చేస్తుంది. ఒక్కో పేరా ఒక నిమిషం చదివించి, చదివిన పదాలు లెక్కపెట్టండి. సైజు పెంచినా వేగం పెరగని చోటు వస్తుంది. దానికి ముందు సైజే పాపది. మర్నాడు అదే సైజులో పది నిమిషాలు ఆపకుండా చదివించి మొదటి నిమిషం పదాలు, చివరి నిమిషం పదాలు రాసిపెట్టుకోండి. చివర్లో బాగా పడిపోతే అచ్చు ఒక్కటే చాలదని అర్థం. మీరు రాసిన 'కళ్ళు నలుపుకుంటుంది' అన్న మాటను బట్టి పడిపోతుందనే అనుకుంటున్నాను.

ఇంకో లెక్క: ఏ4 నుంచి ఏ3కి తీస్తే అక్షరం పెరిగేది 1.4 రెట్లు మాత్రమే. 12 పాయింట్లు 17 అవుతుంది, అంతే. పైగా పేజీ అంత వెడల్పు అయితే పాప తల ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ లైను తప్పుతుంది. పాఠాన్ని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో టైపు చేసి, కావలసిన సైజులో ఏ4 మీద తీయించడం మేలు. గీత మందం సమానంగా ఉండే ఫాంటు వాడండి, నోటో శాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది. మరీ బోల్డ్ చేయకండి, తెలుగు అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయి మ, య ఒకేలా కనిపిస్తాయి. వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి. కింద వత్తు, పైన గుడి ఒకదానికొకటి తగిలితే పాప చదవలేదు.

నల్ల చార్టులో 15 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కిటికీ కోసివ్వండి. దాన్ని లైను మీద పెట్టుకుంటే పై లైను, కింది లైను అడ్డురావు, తెల్ల కాగితం మెరుపు కూడా తగ్గుతుంది. ఎత్తు అంతకంటే తగ్గిస్తే వత్తులు తెగిపోతాయి.

వెలుతురు ఎక్కువ కావాలి, కానీ కళ్ళలోకి కొట్టకూడదు. కిటికీ పాపకు ఎదురుగా కాకుండా పక్కన, కొంచెం వెనకగా ఉండాలి. ఎండలోంచి గదిలోకి వచ్చాక కళ్ళు సర్దుకోవడానికి వీళ్ళకు చాలాసేపు పడుతుంది. ఇంటర్వెల్ అవగానే బోర్డు మీద పని మొదలుపెట్టకుండా నోటితో చేసే పని పెట్టండి. పుస్తకం దగ్గరగా పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయని ఎవరైనా కసిరితే ఆపండి. దూరం సగం చేస్తే బొమ్మ రెట్టింపు అవుతుంది, పాప తనంతట తాను కనుక్కున్న ఉపాయం అది. పుస్తకానికి వాలు బల్ల పెడితే మెడ నొప్పి తగ్గుతుంది.

తలుపు పూర్తిగా తీసి ఉంచండి, లేదా పూర్తిగా మూయండి. సగం తెరిచిన తలుపు అంచుకే ఈ పిల్లల నుదుళ్ళు పగులుతాయి.

ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి హైదరాబాద్, విశాఖ, విజయవాడ కేంద్రాల్లో తక్కువ చూపు ఉన్నవాళ్ళకు ప్రత్యేక విభాగం ఉంది. మీ పదాల లెక్క కాగితం అమ్మానాన్నల చేతికిచ్చి అక్కడికి పంపండి. బడిలో ఎలా చదువుతోందో తెలిస్తే ఏ భూతద్దం ఇవ్వాలో వాళ్ళకు తేలిక.

బ్రెయిలీ ఇప్పుడే. అచ్చు మానేయకుండా దాని పక్కనే. ఎలా చెప్పాలో ఇంకొకరు వివరంగా రాస్తే బాగుంటుంది.

ఆరు చుక్కలు

బ్రెయిలీ నేను రాస్తాను. మేడం, డిప్లొమా అక్కర్లేదు. మీరు వేళ్ళతో చదవాల్సిన పని లేదు, కళ్ళతో చదివితే చాలు. రోజూ అరగంట కూర్చుంటే నెల రోజుల్లో పాప రాసింది దిద్దే స్థాయికి వస్తారు.

బ్రెయిలీ అంటే వేళ్ళతో ముట్టుకుని చదివే ఉబ్బు చుక్కల లిపి. ఒక్కో అక్షరానికి ఒక గడి, గడిలో ఆరు చుక్కల చోట్లు. ఎడమ నిలువున పై నుంచి 1, 2, 3. కుడి నిలువున 4, 5, 6. మన భాషలన్నిటికీ ఉమ్మడిగా 1951లో భారతి బ్రెయిలీ కుదిరింది, తెలుగు కూడా అందులోనే. అ అంటే 1. క అంటే 1-3. ల 1-2-3. ప 1-2-3-4. త 2-3-4-5. చ 1-4. గ 1-2-4-5. 'పలక' అంటే మూడు గళ్ళు, అంతే. హల్లులో అకారం ఉన్నట్టే లెక్క, విడిగా రాయరు.

గుణింతానికి వేరే గుర్తులు లేవు, అచ్చునే హల్లు తర్వాత పెడతారు. ఇ 2-4 కాబట్టి 'చలి' అంటే చ, ల, ఇ. పిల్లలకు మామూలు తెలుగు లిపి గుణింతం కంటే ఇది తేలిక.

టీచర్లు తప్పేది వత్తుల దగ్గర. పొల్లు గుర్తు 4వ చుక్క. అది హల్లుకు ముందు వస్తుంది. 'అమ్మ' అంటే అ, 4, మ, మ. 'చెట్టు' అంటే చ, ఎ (2-6), 4, ట, ట, ఉ (1-3-6). కంప్యూటర్‌లో తెలుగు టైపు చేసే అలవాటు ఉన్నవాళ్ళు పొల్లును రెండు హల్లుల మధ్య పెడతారు, పాపకూ అలాగే నేర్పేస్తారు. తర్వాత అచ్చైన బ్రెయిలీ పుస్తకం ముట్టుకుంటే తికమక. క్ష (1-2-3-4-5), జ్ఞ (1-5-6) రెండిటికీ మాత్రం సొంత గడులున్నాయి. సున్నా 5-6, మామూలు తెలుగు రాతలో ఉన్న చోటే: 'పండు' అంటే ప, సున్నా, డ, ఉ.

ఇక రాయడం. గళ్ళున్న బ్రెయిలీ పలకలో కాగితం బిగించి పొడుచుపుల్లతో చుక్కలు పొడుస్తాం. కాగితం వెనక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి, గడిలో కూడా 1-2-3 కుడివైపుకు వస్తాయి. కాగితం తిప్పి ఎడమ నుంచి చదువుతాం. ఈ తిరగేతలో తప్పితే ఒక అక్షరం ఇంకో అక్షరమైపోతుంది, ఎందుకంటే తెలుగులో కొన్ని జంటలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి: క–ఖ, బ–భ, ల–ళ, న–డ, ప–థ, మ–శ, జ–హ, ర–ఠ, ఇ–ఏ. ఈ జాబితా గోడకు అంటించుకోండి, దిద్దేటప్పుడు చాలా పనికొస్తుంది. పాపకు 'పలక' చెప్పారనుకోండి. తిప్పి చూస్తే 'థళఖ' అని ఉంటే, కుడి నుంచే మొదలుపెట్టింది కానీ గడి లోపల తిరగేయడం మరిచింది. 'ఖళథ' అని ఉంటే ఎడమ నుంచి మొదలుపెట్టింది. రెండూ వేర్వేరు తప్పులు, దిద్దే పద్ధతీ వేరు. మొదటి దానికి గడి చుక్కలు నోటితో చెప్పిస్తూ రాయించాలి. రెండో దానికి పలక కుడి అంచున చిన్న గరుకు కాగితం ముక్క అంటిస్తే చెయ్యి అక్కడికే వెళ్తుంది.

అందుకే వర్ణమాల వరుసలో నేర్పకండి. క, ఖ ఒకే రోజు చెప్తే కలిసిపోతాయి. ముందు అ, క, ల, ప, త, గ, చ. వీటితోనే అల, కల, తల, పలక వచ్చేస్తాయి. జంటలోని రెండో అక్షరానికి కనీసం రెండు వారాల ఎడం ఇవ్వండి.

గడి ముట్టుకునే ముందు వేళ్ళకు పని కావాలి. పెసలు, మినుములు కలిపిచ్చి వేరు చేయమనండి. తర్వాత బియ్యం, సేమియా ముక్కలు. కోడిగుడ్ల అట్టలోంచి మూడు వరుసలు, రెండు నిలువుల ముక్క కోస్తే ఆరు గుంతల గడి అవుతుంది, చింతగింజలు వేసి అక్షరాలు కట్టించండి. ఆ తర్వాతే కాగితం. రెండు చూపుడువేళ్ళూ పక్కపక్కన పెట్టి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరపాలి. వేలు పైకీ కిందికీ రుద్దుతుంటే అక్షరం అందలేదని గుర్తు, అక్కడ ఆగి వెనక్కి వెళ్ళండి. పాపకు కొంచెం చూపు ఉంది కాబట్టి వంగి కళ్ళతో చుక్కలు చూడబోతుంది. పుస్తకాన్ని బల్ల కింద ఒళ్ళో పెట్టిస్తే సరి. కళ్ళకు గంతలు కట్టకండి, భయపడతారు.

కాగితం మందంగా ఉండాలి. బ్రెయిలీ కాగితం అయిపోతే పాత క్యాలెండర్ షీట్లు వాడొచ్చు. నోటుపుస్తకం కాగితం చిరుగుతుంది, చుక్క నిలవదు.

రోజుకు 30 నిమిషాలు తప్పనిసరి. వారానికి ఒక రోజు మూడు గంటలు కూర్చోబెడితే ఏమీ మిగలదు. ఐఈఆర్‌పీ మేడం కొత్త అక్షరాలు పరిచయం చేస్తే, మిగతా రోజుల సాధన మీరు చేయించండి.

డిజిటల్ బడి

ఇప్పుడు తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి: ఫోన్‌లో టాక్‌బ్యాక్ తెలుగు చదువుతుంది, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉచితం. ఇంత కష్టపడి బ్రెయిలీ ఎందుకండీ? ఆడియో పాఠాలు ఇస్తే పోదా?

ఆరు చుక్కలు

సార్, ఆడియో కావాలి, కానీ అది చదువుకు సాయం మాత్రమే. వినడం వల్ల అక్షరక్రమం రాదు. మన ఊళ్ళలో శ, ష, స పలకడంలో పెద్ద తేడా వినిపించదు. ణ, న అంతే. ద, ధ లాంటివాటిలో ఒత్తు ఉందో లేదో చెవికి తెలియదు. వింటూ పెరిగిన పిల్లలు సొంతంగా ఒక పేరా రాయాల్సి వచ్చేసరికి చిక్కుకుంటారు. లెక్కల్లో అయితే నాలుగంకెల కూడిక విని గుర్తుపెట్టుకుని చేయడం పెద్దవాళ్ళకే కష్టం. మూడో తరగతిలో చేతికి అక్షరం ఇవ్వాలి.

మీరన్న పరికరాలకు ఒక చిక్కు ఉంది, చెప్తాను. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు పాత అను ఫాంట్లలో చేసినవి. తెర మీద తెలుగే కనిపిస్తుంది, కానీ లోపల ఉన్నవి వేరే సంకేతాలు. చదివే సాఫ్ట్‌వేర్ వాటిని చెత్తగా పలుకుతుంది. పేజీని ఫోటో తీసి గూగుల్ లెన్స్‌లో అక్షరాలుగా మార్చుకోవాలి, తర్వాత వత్తులు ఒకసారి కళ్ళతో సరిచూడాలి. అలా వచ్చిన యూనికోడ్ (ఏ పరికరమైనా అక్షరాలుగా గుర్తించే) పాఠాన్నే పెద్ద అక్షరాల ప్రింటుకూ, వినిపించడానికీ, బ్రెయిలీలోకి మార్చడానికీ వాడుకోవచ్చు. ఒక్కసారి శ్రమ, మూడు ఉపయోగాలు.

లెక్కల మాస్టారు

లెక్కలకు మూడు వస్తువులు: అబాకస్ (పూసల చట్రం), టేలర్ ఫ్రేమ్, మెష్ పలక.

అబాకస్ కొనేటప్పుడు వెనక ఫెల్ట్ లేదా రబ్బరు పొర ఉన్నదే తీసుకోండి, క్రాన్మర్ అబాకస్ అంటారు. బజారులో పిల్లలకు అమ్మే మామూలు అబాకస్‌లో వేలు తగిలితే పూసలు జారిపోతాయి. చూడలేని పాపకు తన లెక్క చెదిరిందని కూడా తెలియదు. ప్రతి నిలువులో అడ్డకమ్మీకి పైన ఒక పూస, దాని విలువ 5. కింద నాలుగు, ఒక్కోటి 1. కమ్మీకి ఆనిన పూసలే లెక్కలోకి వస్తాయి. 8కి 6 కలపాలంటే: ఒకట్ల నిలువులో 8 ఉంది, అంటే పై పూస, కింద మూడు. 6 వేయడానికి చోటు లేదు, కాబట్టి పదుల్లో ఒకటి వేసి ఒకట్లలో 4 తీయాలి. 4 తీయడమంటే పై 5 తీసి కింద 1 వేయడం. మిగిలింది 14. నోటితో ప్రతి అడుగూ చెప్పిస్తూ చేయించండి. 5కీ 10కీ జతలు (1–4, 2–3, 1–9, 2–8...) కంఠస్థం కాకముందే కూడికలకు దిగితే పాప వేళ్ళ మీద లెక్కపెట్టి జవాబు పూసల్లో పెడుతుంది. అది అబాకస్ నేర్చుకోవడం కాదు.

అబాకస్‌లో జవాబు మిగులుతుంది, దారి మిగలదు. నిలువు కూడిక, తీసివేత ఎలా చేసిందో చూడాలంటే టేలర్ ఫ్రేమ్ కావాలి. దానిలో నక్షత్రం ఆకారపు రంధ్రాలు, లోహపు అచ్చులు ఉంటాయి. అచ్చుకు ఒక కొసన గీత, రెండో కొసన రెండు మొనలు. ఎనిమిది దిక్కుల్లో తిప్పి పెట్టొచ్చు కాబట్టి రెండు కొసలతో 16 గుర్తులు వస్తాయి. ఏ దిక్కు ఏ అంకె అన్నది మీ ఐఈఆర్‌పీ వాడే చార్టే వాడండి. బడిలో ఒకటి, భవితలో ఒకటి నేర్పితే పాప నలిగిపోతుంది. అచ్చులు కింద పడితే వెతుక్కోలేదు, అంచులున్న ట్రేలో పెట్టివ్వండి.

బ్రెయిలీలో అంకెకు ముందు 3-4-5-6 గుర్తు పెట్టాలి. తెలుగులో ణ కూడా అదే గడి. కంగారు అక్కర్లేదు, తెలుగు మాట ణతో మొదలు కాదు కదా. 1 నుంచి 5 వరకు: 1, 1-2, 1-4, 1-4-5, 1-5.

మెష్ పలక మీరే చేసుకోవచ్చు. కిటికీకి కొట్టే దోమల మెష్ ముక్కను ఏ4 సైజు అట్టకు నాలుగు పక్కలా అంటించండి. మీద కాగితం పెట్టి మైనపు క్రేయాన్‌తో గట్టిగా గీస్తే గీత ఉబ్బుగా చేతికి తగులుతుంది, పాప చూపుకు రంగు కూడా కనిపిస్తుంది. ఆకారాలు, కోణాలు, గడియారం దీని మీదే. ఒక బొమ్మలో నాలుగైదు గీతలకు మించొద్దు. గీతకీ గీతకీ కనీసం అర సెంటీమీటరు ఎడం ఉండాలి, లేకపోతే వేలికి ఒకటిగానే తెలుస్తాయి.

బోర్డు దగ్గర 'దీన్ని దీనితో కూడితే' అనే మాట మానేయండి. '46కి 27' అని పలకండి. ఇది తరగతి మొత్తానికీ మంచిదే.

మూడో తరగతి టీచర్

అందరికీ చాలా థాంక్స్. పదాల లెక్క రేపే చేస్తాను. శిక్షణ, కాగితాల పని గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఐఈఆర్‌పీ మేడం ఎక్కువ రోజులు రావాలని ఎవరిని అడగాలి? పరీక్షల్లో సమయం ఎలా?

సహిత విద్య, ఉత్తరాంధ్ర

మొదట యూడైస్ ప్లస్ (బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) చూడండి. పాప పేరు దగ్గర 'లో విజన్' అని సరిగ్గా నమోదై ఉందా? అంధత్వం, లో విజన్ రెండూ వేర్వేరు. సామగ్రి, అలవెన్సుల లెక్క ఆ డేటా మీదే నడుస్తుంది. అక్కడ తప్పుంటే మీరెన్ని అర్జీలు పెట్టినా పేరు జాబితాలోకి రాదు. బడి చదువుల పథకమైన సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున 10 నెలల స్టైపెండ్ ఉంది, పాప పేరిట బ్యాంకు ఖాతా ఉందేమో చూడండి. వైకల్య సర్టిఫికెట్ పాతదైతే యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) కూడా తీయించండి. చూపు తగ్గుతూ పోయే జబ్బు కాబట్టి తర్వాత మళ్ళీ పరీక్ష చేయించాలి.

బ్రెయిలీ పలక, అబాకస్, టేలర్ ఫ్రేమ్, బ్రెయిలీ పుస్తకాలకు జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలోని సహిత విద్య కోఆర్డినేటర్‌కు ఎంఈవో ద్వారా రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగింది నిలవదు. వైకల్యం ఉన్నవాళ్ళకు పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఆలింకో క్యాంపు పెట్టినప్పుడు పాపను తప్పక తీసుకెళ్ళండి. క్యాంపు రోజు కొలతలే తీసుకుంటారు, వస్తువులు తర్వాత వస్తాయి. పుస్తకాలు వచ్చే ఏడాదికి కావాలంటే ఈ ఏడాది చివర్లోనే ఇండెంట్ (కావలసినవాటి జాబితా) పెట్టాలి. ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో పాపకు సభ్యత్వం తీసుకుంటే చదివి వినిపించే పుస్తకాలు, బ్రెయిలీ ఫైళ్ళు ఉచితం. వైకల్య ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి.

శిక్షణకు: టీచర్ల శిక్షణకు ప్రభుత్వం పెట్టిన దీక్ష యాప్‌లో సహిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మామూలు బడిలోనే చదువు) కోర్సులు మీకు అవగాహనకు పనికొస్తాయి, చేతిపని మాత్రం నేర్పవు. దృష్టి లోపానికి జాతీయ సంస్థ డెహ్రాడూన్‌లో ఉంది, నీప్‌వీడీ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న నీపిడ్ మేధో వైకల్యానికి. రెండూ ఒకటే అనుకుని తప్పు చోటికి ఉత్తరాలు రాస్తుంటారు. వైకల్యం ఉందేమో ముందుగా గుర్తించే ప్రశస్త్ యాప్ తరగతిలో మిగతా పిల్లల్ని గమనించడానికి బాగుంటుంది. మొదటి భాగం మామూలు టీచరు నింపాలి, రెండోది స్పెషల్ ఎడ్యుకేటర్. అది పరిశీలన మాత్రమే, సర్టిఫికెట్‌గా చెల్లదు. ఎప్పుడైనా డిప్లొమా చేయాలనిపిస్తే ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి ఆ కోర్సుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉందో లేదో చూడండి.

ఐఈఆర్‌పీ రోజులు పెంచమని అడిగే హక్కు మీకుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16, 17 సెక్షన్లు తగిన సదుపాయం, శిక్షణ పొందిన టీచర్లు ఉండాలంటున్నాయి. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచరు అన్న నిష్పత్తి చెప్పింది. అర్జీలో ఈ రెండూ పేర్కొనండి. కానీ ఐఈఆర్‌పీ మీద ఫిర్యాదులా రాయకండి, ఆమె ఒక్కరే మండలమంతా తిరుగుతుంటారు.

పరీక్షలకు: వైకల్యం ఉన్నవాళ్ళ రాతపరీక్షలపై 2018లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలన్నాయి. మీ బడి పరీక్షల్లోనూ అదే పాటించండి. ప్రశ్నపత్రం పాపకు సరిపోయే అక్షర సైజులో ప్రింట్ తీయించండి. అప్పుడప్పుడు జవాబులు చెప్పి రాయించడం కూడా అలవాటు చేయండి. పదో తరగతిలో హఠాత్తుగా స్క్రైబ్‌ను (చెప్పింది రాసిపెట్టే మనిషిని) కూర్చోబెడితే ఎలా చెప్పాలో తెలియక మార్కులు పోతాయి.

ఒక విన్నపం. 'చూపు పోతుంది కాబట్టి బ్రెయిలీ' అని పాప ముందు ఎవరూ అనకూడదు. కళ్ళు అలసినప్పుడు వేళ్ళతో చదవొచ్చు అని చెప్పండి, అది నిజమే. తరగతిలో ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా ఆరు చుక్కలు నేర్పితే పాపకు చీటీలు రాసే స్నేహితులు దొరుకుతారు.

ఆరు చుక్కలు

ఒకటి మరిచాను. పాప రాసిన బ్రెయిలీ కాగితాల మీద నోటుపుస్తకాల దొంతర పెట్టకండి, చుక్కలు అణిగిపోయి వారానికే చదవడానికి రావు. నిలబెట్టి ఉంచండి. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, మూతపెట్టే డబ్బాలో దాచండి.